బెంగళూరు చలిలో తాబేలు ట్యాంక్: ప్రాజెక్టు డైరీ, కొలతలు ఖర్చులతో సహా

షాపులో ఇచ్చే ప్లాస్టిక్ టబ్బు, మధ్యలో ఆ కొబ్బరిచెట్టు బొమ్మ, ఇందులో తాబేలు ఎక్కువ కాలం బతకదు అని అర్థమైపోయి, ఇప్పుడేం కొనాలిరా బాబూ అని చూస్తున్నవాళ్ల కోసం రాస్తున్నా. కావాలంటే మొత్తం కాపీ కొట్టండి, లేదా నేను డబ్బులు పోసిన చోట మీరు పోయకండి.

జంతువు: రెడ్ ఇయర్డ్ స్లైడర్, మగది, చిప్ప పొడవు 4 అంగుళాలు, పేరు గుండు. ఇల్లు: మారతహళ్లి వైపు రెండో అంతస్తు, అద్దెకి. హాల్లోకి ఉత్తరం కిటికీ తప్ప ఇంకో దిక్కు లేదు, అంటే ఎండ సున్నా.

రెండు మాటలు ముందే. మీ దగ్గరున్నది నక్షత్ర తాబేలో, చెరువుల్లో దొరికే మన మెత్తచిప్ప తాబేలో అయితే ఈ డైరీ మీకు పనికిరాదు, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వాటిని ఇంట్లో పెట్టుకోకూడదు, అటవీశాఖకి అప్పగించండి. స్లైడర్ అయితే పెంచలేక చెరువులో వదిలేయడం అసలు చేయొద్దు, అది అమెరికా మిసిసిపి ప్రాంతం నుంచి వచ్చిన జాతి, ప్రపంచంలో అత్యంత చెడ్డ 100 చొరబాటు జాతుల లిస్టులో ఉంది, మన చెరువుల్లో పడితే మన తాబేళ్ల తిండి, చోటు అదే లాక్కుంటుంది.

టార్గెట్ నంబర్లు (ట్యాంక్ అంతా వీటి కోసమే):
1. నీళ్లు 24 నుంచి 26 డిగ్రీలు. పిల్ల తాబేలైతే ఇంకో రెండు డిగ్రీలు ఎక్కువ.
2. బాస్కింగ్ బండ, అంటే ఎక్కి ఒళ్లు కాచుకునే చోటు, పైన 32 నుంచి 35.
3. నీళ్ల పైన గాలి నీళ్ల కంటే మరీ చల్లగా ఉండకూడదు. తడి ఒంటితో తల పైకి పెట్టి చల్లగాలి పీలుస్తూ ఉంటే ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ పట్టుకుంటుంది, ముక్కులోంచి బుడగలు, నీళ్లలో ఒక పక్కకి ఒరిగి తేలడం, ఇవి కనపడితే ట్యాంక్ సంగతి తర్వాత, ముందు డాక్టర్ దగ్గరికి.
4. యూవీబీ, అంటే ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత వెలుగు, రోజుకి 10–12 గంటలు, రాత్రి చీకటి.

విజయవాడలోనో చెన్నైలోనో ఉన్నవాళ్లకి హీటర్ గొడవ చాలా తక్కువ. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, డిసెంబరు జనవరి రాత్రుళ్లు బయట 15–16 మామూలే, మా హాల్లో తెల్లారుజామున 17–18 చూపిస్తుంది. తాబేలు తన ఒళ్లు తాను వేడి చేసుకోలేదు, చుట్టూ ఎంత వేడి ఉంటే వాడూ అంతే, నీళ్లు 18కి పడితే తిన్నది అరగదు, తినడమే మానేస్తాడు.

దశ 1: ట్యాంక్, స్టాండ్

తాబేళ్లు పెంచేవాళ్లు వాడే లెక్క ఒకటుంది, చిప్ప ఒక్కో అంగుళానికి 10 గ్యాలన్లు, అంటే 38 లీటర్లు. 4 అంగుళాలకి 150 లీటర్లు. గ్లాసు కొట్లో 8 ఎంఎం అద్దంతో 4 అడుగులు × 1.5 × 1.5 చేయించా, నీళ్లు 11 అంగుళాల ఎత్తు వరకే, అలా లెక్కేస్తే 150 లీటర్లు. పైన ఏడు అంగుళాలు ఖాళీగా వదిలింది వాడు ఎక్కి దూకకుండా. ఆడ తాబేలైతే 10 అంగుళాల పైన పెరుగుతుంది కాబట్టి ఈ ట్యాంక్ చాలదు, ముందే తెలుసుకోండి, మగదైతే ముందుకాళ్ల గోళ్లు పొడుగ్గా ఉంటాయి.

బరువు: నీళ్లు 150 కిలోలు, అద్దం 42, బండ, రాళ్లు కలిపి 200 దాటుతుంది. ఓనర్ ఆంటీ తలుపు దగ్గర నిలబడి "ఏం బాబూ, స్లాబుకేం కాదు కదా, కింద మా పూజగది" అన్నారు. ఆరు చదరపు అడుగుల మీద 200 కిలోలంటే నిండుగా ఉన్న బీరువా కంటే ఎక్కువేం కాదు ఆంటీ అని చెప్పి, గోడ వారగా బీమ్ వెళ్లే చోటే పెడుతున్నా అని చూపిస్తే ఒప్పుకున్నారు. గది మధ్యలో మాత్రం పెట్టకండి.

స్టాండ్ అంగుళం చదరపు ఇనప పైపుతో వెల్డింగ్. స్టాండ్‌కీ ట్యాంక్‌కీ మధ్య 12 ఎంఎం థర్మోకోల్ తప్పనిసరి, ఇనుము ఎక్కడైనా ఒక ఎంఎం ఎత్తుగా ఉంటే అద్దం అక్కడే పగులుతుంది.

ఖర్చు: ట్యాంక్ 5,200, స్టాండ్ 3,800, థర్మోకోల్ 150. మొత్తం: రూ. 9,150

దశ 2: బాస్కింగ్ బండ

మొదట ట్యాంక్ అద్దానికి అంటుకునే, నీళ్ల మీద తేలే రకం ప్లాట్‌ఫామ్ ఒకటి పాత టబ్బుతో పాటు వచ్చింది, అదే పెట్టి చూశా. వాడు ముందుకాళ్లు పెట్టగానే ఒక పక్క మునిగిపోతుంది, జారి పడతాడు, మళ్లీ ప్రయత్నిస్తాడు, కాసేపటికి మానేస్తాడు. తేలేవి చిన్న పిల్లలకే, 4 అంగుళాల వాడికి కుదరదు.

తర్వాత వైట్రిఫైడ్ టైల్ ముక్క. నున్నగా ఉంది, గోళ్లు ఆనవు, పైగా నీళ్లు పడితే సబ్బు రాసినట్టే.

చివరికి నిలిచింది కడప బండ. కింద వీధిలో కిచెన్ పని జరుగుతుంటే మిగిలిన ముక్క అడిగా, 15 × 10 అంగుళాలు, 20 ఎంఎం మందం, ఐదు కిలోల పైనే ఉంటుంది. గరుకు వైపు పైకి. నల్లగా ఉంటుంది కాబట్టి వేడి బాగా లాక్కుంటుంది, మందంగా ఉంది కాబట్టి లైటు ఆరాక కూడా కాసేపు వెచ్చగానే ఉంటుంది, కాకపోతే పొద్దున కావాల్సిన వేడికి రావడానికి గంట దాకా పడుతుంది, టైమర్ సెట్ చేసేటప్పుడు అది గుర్తుంచుకోవాలి.

కట్టిన విధానం:
1. ముప్పావు అంగుళం పీవీసీ పైపుతో బల్ల ఆకారం, కాళ్లు నాలుగు, పైపుల్లో నీళ్లు నిండేలా చిల్లులు (లేకపోతే తేలుతుంది).
2. బండ దాని మీద, నీటి మట్టానికి 2 అంగుళాల పైన.
3. ఎక్కడానికి ర్యాంప్, ఏటవాలు 30 డిగ్రీల లోపే.
4. ర్యాంప్ మీద పట్టు కోసం ప్లాస్టిక్ గడ్డి మ్యాట్ వేశా, వాడు దాన్ని కొరికి పోచలు పీకుతున్నాడు, మింగితే పేగులో అడ్డం పడుతుంది కాబట్టి తీసేసి అదే కడప రాయి చిన్న పెంకులు సిలికాన్‌తో అతికించా.
5. సిలికాన్ అక్వేరియంకి పనికొచ్చేదే. బాత్రూం సిలికాన్‌లో బూజు రాకుండా మందు కలుపుతారు, అది నీళ్లలోకి దిగుతుంది. వెనిగర్ వాసన పూర్తిగా పోయేదాకా నీళ్లు పోయొద్దు.

అడుగున గులకరాళ్లు వేయలేదు. తలకంటే చిన్న రాయి ఏదైనా మింగేస్తారు వీళ్లు.

ఖర్చు: బండ కోత 100, పైపులు ఎల్బోలు 480, సిలికాన్ 320. మొత్తం: రూ. 10,050

దశ 3: బండ మీద వేడి

ఇక్కడ చాలా టైమ్ పోయింది. ఎల్ఈడీ బల్బుతో వేడి రాదు, ఇది అందరికీ తెలుసు. హాలోజన్ వాడమంటారు. ఎలక్ట్రికల్ షాపులో షోరూం సీలింగ్‌కి వాడే 50 వాట్ల చిన్న హాలోజన్ రెండు తెచ్చి, ఒకటి 25 సెంటీమీటర్ల ఎత్తులో పెట్టి ఐఆర్ గన్‌తో (ముట్టుకోకుండా వేడి కొలిచేది) చూస్తే బండ మీద 27. గది 24. గంటన్నర చూసినా అంతే. కానీ బల్బు వెనక హోల్డర్ ముట్టుకుంటే చెయ్యి కాలింది.

కారణం బల్బు వెనక రిఫ్లెక్టర్. ఆ రంగురంగులుగా మెరిసే అద్దం లాంటి రిఫ్లెక్టర్‌ని డైక్రోయిక్ అంటారు, అది వెలుగుని ముందుకి పంపి వేడిని వెనక్కి వదిలేస్తుంది, నగల షాపులో నగల మీద వేడి పడకుండా దాని డిజైనే అది. మనకి కావాల్సింది దానికి సరిగ్గా ఉల్టా. కొనేటప్పుడు వెనక వైపు చూడండి, వెండిరంగు అల్యూమినియం పూత ఉండి వెలుగు వెనక్కి రాకపోతే అది పనికొస్తుంది.

అల్యూమినియం రకం దొరికింది, పెట్టా. ఇప్పుడు నడిమధ్యలో 39, నాలుగు అంగుళాల పక్కకి 28. వెలుగు వృత్తం వాడి చిప్ప కంటే చిన్నది. చిప్ప నడినెత్తి కాలుతుంది, కాళ్లు చల్లగా ఉంటాయి, అందుకే ఎక్కాడు, ఒక నిమిషం ఉన్నాడు, దిగిపోయాడు. జంతువు మొత్తానికి ఒకేసారి వేడి తగలాలి, కనీసం చిప్ప సైజుకి ఒకటిన్నర రెట్లు వెడల్పు ఉండాలి.

పని చేసింది పాతకాలం 60 వాట్ల రిఫ్లెక్టర్ బల్బు, 80 ఎంఎం మూతి ఉండేది. చిక్‌పేట్ వైపు పాత ఎలక్ట్రికల్ కొట్లలో ఇంకా దొరుకుతున్నాయి, ఒకటి ఎక్కువే కొని పెట్టుకోండి, రోజురోజుకీ తగ్గిపోతున్నాయి. కొలతలు, గది 24 ఉన్నప్పుడు, గంట తర్వాత:

20 సెం.మీ. ఎత్తు: మధ్యలో 42, అంచున 36
28 సెం.మీ.: మధ్యలో 34.5, అంచున 32
35 సెం.మీ.: మధ్యలో 30.5, అంచున 29

28 దగ్గర ఫిక్స్ చేశా. ఆ రోజే వాడు ఎక్కి వెనక కాళ్లు రెండూ వెనక్కి చాపేసి మెడ పొడుగు పెట్టి పడుకున్నాడు, ఆ భంగిమ చూస్తే నంబరు కరెక్టని అర్థం.

హోల్డర్ పింగాణీదే వాడండి. ప్లాస్టిక్ హోల్డర్ కొన్ని వారాల్లో పసుపెక్కి, పెళుసై, బల్బుతో సహా ఊడి నీళ్లలో పడుతుంది. దానికి తోడు చిన్న గొలుసు కూడా కట్టండి, క్లిప్పు ఒక్కదాన్నే నమ్మొద్దు.

ఖర్చు: హాలోజన్లు 640 (వృథా), పింగాణీ హోల్డర్ 120, అల్యూమినియం డోమ్ 450, రిఫ్లెక్టర్ బల్బులు రెండు 360, ఐఆర్ గన్ 1,100. మొత్తం: రూ. 12,720

దశ 4: యూవీబీ

చిప్ప గట్టిగా ఉండాలంటే కాల్షియం ఒంటబట్టాలి, దానికి విటమిన్ డీ3 కావాలి, అది తయారవ్వడానికి చర్మం మీద 290 నుంచి 315 నానోమీటర్ల వెలుగు పడాలి. ఆ వెలుగు మామూలు అద్దం దాటదు. కిటికీ పక్కన పెట్టాం ఎండ తగులుతుంది కదా అనేవాళ్లకి ఇదే జవాబు, వేడి తగులుతుంది, యూవీబీ తగలదు.

ఆన్‌లైన్‌లో చవగ్గా "యూవీఏ యూవీబీ రెండూ" అని రాసి అమ్మే 25 వాట్ల ఫిలమెంట్ బల్బులు కొనకండి. మామూలు గాజులో ఉన్న ఫిలమెంట్ యూవీబీ ఇవ్వడం కుదరని పని. రంగు మారే యూవీ కార్డుతో చెక్ చేశాం అంటారు, ఆ కార్డు ఎక్కువగా యూవీఏకి మారుతుంది, నకిలీ నోట్లు చూసే లైటు కింద పెట్టినా మారుతుంది.

కొలవడానికి సోలార్‌మీటర్ 6.5 అని ఒకటి ఉంది, సరీసృపాలు పెంచేవాళ్లు వాడేది, యూవీ ఇండెక్స్ చూపిస్తుంది, ఖరీదు చూస్తే ట్యాంక్ కంటే ఎక్కువ. వైట్‌ఫీల్డ్‌లో ఇగువానా (పెద్ద బల్లి లాంటి జంతువు) పెంచే ఒకాయన వీకెండ్‌కి ఇచ్చారు. "జాగ్రత్త బ్రదర్, కింద పడితే ఇగువానాని మీకే ఇచ్చేస్తా" అన్నారు.

స్లైడర్‌కి ఎంత కావాలి: అడవిలో ఏ జంతువు ఎంత ఎండ తీసుకుంటుందో కొలిచి ఫెర్గుసన్ జోన్లు అని నాలుగు చేశారు, స్లైడర్‌ని మూడో జోన్‌లో వేస్తారు, సగటున యూవీ ఇండెక్స్ 1.0 నుంచి 2.6. బండ మీద 3 దగ్గర ఉండి పక్కకి వెళ్తే తగ్గుతూ నీళ్లలో నీడ దొరికితే చాలు, ఎంత కావాలో వాడే తీసుకుంటాడు.

మీటర్ రీడింగులు:

1. కాంపాక్ట్ 13 వాట్ల యూవీబీ బల్బు, 25 సెం.మీ.: 0.4. చాలదు.
2. అదే బల్బు, మధ్యలో 4 ఎంఎం అద్దం: 0.0.
3. టీ5 ట్యూబ్, 24 వాట్లు, 22 అంగుళాలు, 10.0 రకం (యూవీబీ ఎంత బలమో చెప్పే నంబరు), రిఫ్లెక్టర్‌తో, 30 సెం.మీ.: 4.6
4. అదే, 38 సెం.మీ.: 3.1
5. అదే, 45 సెం.మీ.: 2.2
6. అదే 38 సెం.మీ., మధ్యలో ఇనప జాలీ: 2.0
7. అదే 38 సెం.మీ., రిఫ్లెక్టర్ తీసేసి: 1.7

ఆరు, ఏడు నంబర్లు చూడండి. జాలీ మూత మీద లైటు పెట్టడం మామూలే కదా, ఒక్క జాలీకే మూడో వంతు పోయింది. రిఫ్లెక్టర్ లేకపోతే దాదాపు సగం. ట్యూబ్ డబ్బాల మీద రాసే 5.0, 10.0 చూసి కొనేసి ఎత్తు చూడకపోతే ఏదీ చెప్పలేం.

ట్యూబ్ పై నుంచే పడాలి, పక్క నుంచి కాదు, పైనుంచి అయితే కనుబొమ్మల ఎముక కళ్లకి నీడ ఇస్తుంది. ట్యూబ్‌ని, రిఫ్లెక్టర్ బల్బుని పక్కపక్కనే పెట్టా, రెండూ ఒకే బండ మీద పడాలి, లేకపోతే వెచ్చదనం కోసం ఒక చోట కూర్చుని వెలుగు ఇంకో చోట వృథా అవుతుంది.

ట్యూబ్ వెలుగుతూనే ఉంటుంది కానీ యూవీబీ తగ్గిపోతూ ఉంటుంది, కంటికి తెలీదు. మీటర్ లేకపోతే ఏడాదికి మార్చేయండి, మార్చిన తారీకు ట్యూబ్ చివర మార్కర్‌తో రాయండి.

మరి ఫ్రీగా వచ్చే ఎండ సంగతి? అదే మీటర్ డాబా మీదకి తీసుకెళ్తే జనవరి పొద్దున 8కి 1 లోపే, 10కి 4 దగ్గర. ఎండని మించిన బల్బు లేదు, డాబా ఉన్నవాళ్లు వారానికి కొన్నిసార్లు అరగంట తీసుకెళ్తే బంగారం. కానీ మూడు లీటర్ల నీళ్లున్న పల్చటి టబ్బు అరగంటలో 24 నుంచి 33కి పోయింది, ఇంకాసేపు మర్చిపోతే వాడు ఉడికిపోతాడు. సగం టబ్బుకి నీడ, పైన గద్దలకీ కాకులకీ అందకుండా జాలీ, పక్కనే మనిషి, ఈ మూడూ ఉంటేనే.

ఖర్చు: కాంపాక్ట్ బల్బు 1,650 (వృథా), ట్యూబ్ 3,900, రిఫ్లెక్టర్ ఫిట్టింగ్ 2,600. మొత్తం: రూ. 20,870

దశ 5: నీళ్ల హీటర్

లీటరుకి ఒక వాటు అని లెక్క చెప్తారు, కొట్లో 150 లేదు, 100 తీసుకున్నా. తెల్లారి 6కి నీళ్లు 21.5. హీటర్ రాత్రంతా ఆరకుండా వెలుగుతూనే ఉంది. 200 వాట్లది తెచ్చా, ఇప్పుడు 25 అందింది. అంతా బాగుందనిపించింది, ప్లగ్‌కి పవర్ మీటర్ తగిలించి చూసేదాకా: హీటర్ ఒక్కటే రోజుకి 3.1 యూనిట్లు. దీని సంగతి దశ 6లో.

హీటర్‌కున్న సొంత డయల్‌ని నమ్మొద్దు, 25కి తిప్పితే నీళ్లు 28కి పోయాయి. ఎలక్ట్రానిక్స్ కొట్లుండే ఎస్పీ రోడ్‌లో ఎస్టీసీ-1000 అనే టెంపరేచర్ కంట్రోలర్ దొరుకుతుంది, ఒక డబ్బాలో బిగించి హీటర్‌ని దాని ద్వారా నడిపా. సెట్టింగులు:

1. ఎస్టీసీ 25, తేడా 0.5. అంటే 24.5కి ఆన్, 25కి ఆఫ్.
2. హీటర్ సొంత డయల్‌ని అసలు నీళ్లు 27 దగ్గర ఆగేలా అడ్జస్ట్ చేసి వదిలేయాలి. ఎస్టీసీ లోపల రిలే (హీటర్‌ని ఆన్ ఆఫ్ చేసే స్విచ్) అతుక్కుపోయి ఆఫ్ అవ్వకపోయినా హీటర్ తనంతట తాను ఆగుతుంది. రెండు తాళాలు.
3. ప్రోబ్, అంటే ఎస్టీసీకి నీళ్ల వేడి చెప్పే సెన్సర్, హీటర్‌కి దూరంగా, ఫిల్టర్ నీళ్లు లాగే చోట.

ఈ మూడోదే అసలు ప్రమాదం. వాడు ప్రోబ్ వైరు పట్టుకుని లాగి నీళ్లలోంచి బయట పడేశాడు. ప్రోబ్ గాలిలో 20 చూపిస్తుంది, ఎస్టీసీ పాపం ఇంకా చల్లగా ఉందనుకుని హీటర్ ఆపదు. ఆఫీసు నుంచి వచ్చేసరికి నీళ్లు 27.2, రెండో తాళం లేకపోతే ఎక్కడికి పోయేదో లెక్కేసుకోండి. ఇప్పుడు ప్రోబ్‌ని చిల్లులు పెట్టిన పీవీసీ పైపులో దూర్చి, పైపుని మూలకి సిలికాన్‌తో అతికించా, వైరు అంగుళం కూడా బయటికి కనపడదు.

హీటర్‌కి కూడా కవచం కావాలి, గాజు హీటర్‌ని చిప్పతో గుద్ది పగలగొడతారు. కవచం ఉన్న మోడల్ కొనండి, లేదా నిండా చిల్లులు పెట్టిన రెండంగుళాల పైపు. నీళ్లు మార్చే ముందు హీటర్ ఆపి పావుగంట ఆగాలి, వేడిగా ఉన్నప్పుడు గాల్లోకి తేలితే గాజు టప్పున పగులుతుంది.

ఇంకో కొలత: మొదట్లో హీటర్ పక్కన 25.8, అవతలి చివర 23.9. ఫిల్టర్ నీళ్లు వదిలే పైపుని హీటర్ మీదుగా ట్యాంక్ పొడవునా తిప్పితే తేడా 0.4కి తగ్గింది.

ఖర్చు: 100 వాట్ల హీటర్ 850, 200ది 1,350, ఎస్టీసీ 650, డబ్బా సాకెట్లు 400, పవర్ మీటర్ 900. మొత్తం: రూ. 25,020

దశ 6: వేడి ఎటు పోతోంది

3.1 యూనిట్లంటే నెలకి 93, హీటర్‌కే. లైట్లు, ఫిల్టర్ కలిపితే 130. మా ఇంటి మామూలు వాడకం 105, రెండూ కలిపితే 235, కర్ణాటక ఉచిత కరెంటు పథకం గృహజ్యోతిలో 200 దాటితే మొత్తం బిల్లు మనమే కట్టాలి. కాబట్టి తగ్గించాల్సిందే.

వేడి అద్దాల్లోంచి పోతోందనుకుని థర్మోకోల్ కొనే ముందు ఒక పని చేశా, నీటి మట్టం దగ్గర టేప్ అంటించి గీత గీసి, 24 గంటల తర్వాత చూశా. 3.5 ఎంఎం తగ్గింది. ట్యాంక్ విస్తీర్ణం 122 × 46 సెం.మీ., అంటే దగ్గర దగ్గర 2 లీటర్లు ఆవిరైపోయాయి. ఒక లీటరు నీళ్లు ఆవిరవ్వడానికి సుమారు 0.68 యూనిట్ల వేడి కావాలి, రెండు లీటర్లకి 1.36. హీటర్ తింటున్న 3.1లో ఇంచుమించు 45 శాతం గాల్లోకి, ఫ్యాన్ కిందకి పోతోంది. టేపు ముక్క ఖర్చు సున్నా.

మూత. కానీ మూత పెడితే యూవీబీ ఆగిపోతుంది, అద్దమైనా ప్లాస్టికైనా. అందుకని బండ ఉన్న వైపు 18 అంగుళాలు తెరిచి ఉంచి, మిగతా 30 అంగుళాలకే మూత.

మొదట 3 ఎంఎం యాక్రిలిక్ షీటు. కింద తడి, పైన పొడి, వారం తిరక్కుండానే అప్పడంలా వంగిపోయింది. తర్వాత వరండా షెడ్లకి వేసే బోలు పాలీకార్బొనేట్ షీటు, 6 ఎంఎం, తేలిక, వంగదు, మధ్యలో గాలి గదులుంటాయి కాబట్టి వేడి కూడా బాగా ఆపుతుంది. కోసిన అంచులు టేప్‌తో మూసేయండి, లేకపోతే లోపలికి నీళ్లు చేరి పాచి పడుతుంది.

హీటర్ రోజువారీ వాడకం, గది వేడి దాదాపు ఒకటే ఉన్న రోజుల్లో:
మూత లేకుండా: 3.1 యూనిట్లు
మూతతో: 2.1
మూత, వెనక, రెండు పక్కలా థర్మోకోల్‌తో: 1.8

నీళ్లు తగ్గడం కూడా 3.5 నుంచి ఒక ఎంఎంకి కొంచెం పైకి వచ్చింది. ఇప్పుడు ఆ 1.8 ని దశ 5తో కలిపి చూడండి. 100 వాట్ల హీటర్ 24 గంటలు వెలిగితే 2.4 యూనిట్లు ఇవ్వగలదు. అంటే మూత ముందు పెట్టి ఉంటే ఆ 200 వాట్లది కొనే పనే లేదు. మీరు వరుస మార్చి చేయండి: మూత, థర్మోకోల్, అప్పుడు పవర్ మీటర్, ఆఖరికి హీటర్. ఇప్పుడు మళ్లీ 100దే నడుస్తోంది, మరీ చలి రాత్రుళ్లు దాదాపు ఆగకుండా వెలుగుతుంది, అయినా పొద్దున 24.3 కంటే తగ్గలేదు. చిన్న హీటర్‌కి ఇంకో లాభం, ఆఫ్ అవ్వకుండా ఇరుక్కుపోయినా నీళ్లు మెల్లగా వేడెక్కుతాయి, మనం చూసుకునే టైమ్ ఉంటుంది.

కరెంటు పోతే మూత ఉన్న ట్యాంక్ రాత్రి గంటకి అర డిగ్రీ చొప్పున తగ్గింది. మూడు నాలుగు గంటల కోతకి ఇన్వర్టర్ అక్కర్లేదు, దుప్పటి కప్పితే చాలు.

మూతతో ఇంకో మేలు, లోపల గాలి కూడా వెచ్చబడింది, మూత కింద పొద్దున 22–23 ఉంటోంది, మొదట్లో రాసిన మూడో టార్గెట్ దీనితోనే తీరింది.

నెల వాడకం ఇప్పుడు 90, ఇంటిదానితో కలిపి 195. సున్నా బిల్లు రాలేదు, మా పాత సగటు మీద పెరిగిన యూనిట్లకి కట్టాం, మొత్తం బిల్లు మాత్రం తప్పింది.

ఖర్చు: షీటు 700, థర్మోకోల్ 350, చానల్ స్క్రూలు 200, యాక్రిలిక్ ఇంట్లో పాతదే. మొత్తం: రూ. 26,270

దశ 7: కరెంటు భద్రత

మూత పెట్టాక కొత్త తలనొప్పి. తెరిచిన గ్యాప్‌లోంచి ఆవిరి మొత్తం ఒకే చోట పైకి లేచి ట్యూబ్ చివర హోల్డర్ల మీద చుక్కలుగా పడుతోంది, ఇంటి ట్రిప్పర్ అర్ధరాత్రి పడిపోయేది. ఎలక్ట్రీషియన్ అన్న చింతామణి వైపువాడు, తెలుగే. సాకెట్ విప్పి చూసి "సార్, మూడో పిన్నుకి వైరే లేదు, ఊరికే చిల్లు పెట్టారు" అన్నాడు. "ఇన్నాళ్లూ నీళ్లలో చెయ్యి పెట్టా కదన్నా" అంటే "అదృష్టం సార్, రేపు పెట్టొద్దు" అన్నాడు.

1. మీటర్ బోర్డు నుంచి ఈ సాకెట్‌కి విడిగా ఎర్త్ వైరు.
2. ట్యాంక్‌కి మాత్రమే 30 మిల్లీయాంప్ ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్. ఎంసీబీ ఉంది కదా అనుకోవద్దు, అది ఓవర్‌లోడ్‌కి, షార్ట్‌కి పడుతుంది, నీళ్లలో చెయ్యి పెట్టిన మనిషిని కాపాడేది ఇదే.
3. ప్రతి వైరూ సాకెట్ కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి ఎక్కాలి. వైరు వెంట జారిన నీళ్లు ఆ కింది వంపులో రాలిపోతాయి, సాకెట్‌లోకి వెళ్లవు.
4. ట్యూబ్ ఫిట్టింగ్ చివర్లకి రబ్బరు మూతలు, ఫిట్టింగ్‌ని ఆవిరి లేచే గ్యాప్ అంచు నుంచి ఆరు అంగుళాలు లోపలికి జరిపా. ఎత్తు అదే 38.
5. పుల్లలు నొక్కే మెకానికల్ టైమర్ తీసేశా, కరెంటు పోయినంత సేపూ అది ఆగిపోయి వెనకబడుతుంది, రాత్రి పదింటి దాకా లైట్లు వెలిగేవి. బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమర్లు రెండు. బల్బు 7:30కి, ట్యూబ్ 8:30కి ఆన్, బండకి గంట ముందు వేడి కావాలి కాబట్టి.

ఖర్చు: ఆర్‌సీసీబీ 1,900, వైరు కూలీ 1,500, టైమర్లు 1,100. మొత్తం: రూ. 30,770

దశ 8: ఫిల్టర్, నీళ్లు (క్లుప్తంగా)

చేపల ట్యాంక్ లెక్క కుదరదు, తాబేలు చేపల కంటే చాలా ఎక్కువ మురికి చేస్తుంది, ట్యాంక్ నీళ్లకి రెండు మూడు రెట్లకి రేటింగ్ ఉన్న క్యానిస్టర్ (ట్యాంక్ బయట పెట్టే డబ్బా ఫిల్టర్) తీసుకోండి. మంచి బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, అప్పటిదాకా అమ్మోనియా టెస్ట్ చేస్తూ నీళ్లు మార్చడమే. ఇప్పుడు వారానికి 50 లీటర్లు తీసి బాల్కనీలో కరివేపాకుకి పోస్తున్నా, కొత్త నీళ్లు బకెట్లలో రాత్రంతా గదిలో ఉంచి, కాస్త వేడినీళ్లు కలిపి, ఐఆర్ గన్‌తో చూసి పోస్తా. టీ5 ట్యూబ్ మీద బోరు నీళ్ల చుక్కలు ఎండితే తెల్లటి సున్నం పొర పడుతుంది, అది కూడా యూవీబీని తినేస్తుంది, లైటు ఆపి చల్లారాక వెనిగర్ గుడ్డతో తుడవాలి. కాల్షియంకి నాటు మందుల కొట్లో సముద్రపు నురుగు (కటిల్‌ఫిష్ ఎముక) అడిగితే ఇస్తారు, చిన్న ముక్క నీళ్లలో వేస్తే కొరుక్కుంటాడు.

ఖర్చు: ఫిల్టర్ 4,800, టెస్ట్ కిట్ 1,200. మొత్తం: రూ. 36,770

ఇప్పటి రీడింగులు, మిగిలిన పని

తెల్లారి 6: గది 18, నీళ్లు 24.4, మూత కింద గాలి 22.5
మధ్యాహ్నం 1: గది 25, నీళ్లు 25, బండ మధ్యలో 34, అంచున 32, యూవీ ఇండెక్స్ 3.1 (మీటర్ ఉన్నప్పుడు చూసింది)

మార్చి చివర నుంచి లెక్క మారుతుంది. గది 30 దాటితే అదే 60 వాట్ల బల్బు అదే ఎత్తులో బండని 40కి తీసుకెళ్తుంది, కాబట్టి 40 వాట్ల బల్బు ఒకటి తెచ్చిపెట్టా. నీళ్లు 28 దాటితే మూత తీసేయడమే, చలికాలంలో వేడిని దోచుకెళ్లిన ఆవిరే అప్పుడు చల్లబరుస్తుంది. హీటర్ ప్లగ్ పీకి, కడిగి, డబ్బాలో. ట్యూబ్‌కి ఆరో నెలలో ఇగువానా ఆయన్ని మళ్లీ మీటర్ అడగాలి, 38 సెం.మీ. దగ్గర 2.2 కంటే తగ్గితే ముందు ట్యూబ్ వేలాడే గొలుసుని కాస్త కిందికి దించి 33 చేస్తా, అక్కడా రాకపోతేనే కొత్త ట్యూబ్.